అంచు అట్టలకు రెండో జత

మా అత్తగారింట్లో ఏ వస్తువుకైనా రెండోది ఉందంటే అది మొదటిదాని పక్కనే ఉండేది. తలుపు తాళానికి రెండు చెవులు. రెండింటినీ ఒకే దారానికి కట్టి ఒకే మేకుకు తగిలించేవాళ్ళు. బావికి రెండు చేదతాళ్ళు. రెండూ గట్టు మీదే ఎండకు ఎండి, వానకు తడిసి, ఒకేసారి పుచ్చిపోయేవి. "ఒకటి పోతే ఇంకోటి ఉంటదని రెండు" అని మా అత్త గొప్పగా చెప్పేది. పోతే రెండూ కలిసే పోతాయి గదా అత్తా అంటే, ఈ పిల్లకు ఏదో అయిందన్నట్టు నా మొఖం చూసేది. ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచి ఈ ఒక్క సంగతి మీద నేను నెత్తీ నోరూ కొట్టుకున్నంతగా ఇంక దేని మీదా కొట్టుకోలేదు. కొట్టుకుంటే ఏమైందో చెబుతాను.

నేను నారాయణపేటకు కోడలిగా వచ్చింది ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో. నేతపని ఇల్లు. మూడు గుంట మగ్గాలు. రెండింటి మీద మామూలు గళ్ళ చీరలు నేసేవాళ్ళు. అలాంటివి ఆ గల్లీలో ప్రతి ఇంట్లోనూ నేస్తారు. మూడోది పెట్టె మగ్గం. ఇంటికి పేరు తెచ్చింది అదే. దాని మీద దిగే చీర అంచులో గోపురాల వరుస, రెండు గోపురాల నడుమ మెడ వెనక్కి తిప్పి చూసే ఒక పిట్ట ఉండేది. ఆ పిట్ట అంచు ఊరు మొత్తంలో మా ఇంట్లోనే ఉండేది. కొత్తకోటలో ఒక బట్టల దుకాణం సేటు దాన్ని కళ్ళు మూసుకుని తీసుకునేవాడు. దానితోపాటు మా గళ్ళ చీరలు కూడా తీసుకునేవాడు. పిట్ట లేకపోతే గళ్ళ చీరలకు మా గడప తొక్కే పనే అతనికి లేదు.

ఆ పిట్ట ఎక్కడుంటుందో నేతపని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. మగ్గం నెత్తిన ఒక చెక్కపెట్టె ఉంటుంది. దానికి అట్టల దండ వేలాడుతుంది. ఒక్కో అట్టకు చిల్లులు. కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. నేసేవాడికి తెలిసింది తొక్కడం, నాడె విసరడం. పిట్ట మెడ ఎక్కడ తిరుగుతుందో మనిషి తలలో ఉండదు, అట్టల్లోనే ఉంటుంది. ఆ అట్టలను మా మామ తన చిన్నతనంలో హైదరాబాదు పోయి, ఒక ముసలాయన దగ్గర నెలల తరబడి కూర్చుని కొట్టించుకొచ్చాడట. ఆ ముసలాయన ఎప్పుడో పోయాడు. అంటే మా ఇల్లంతా నిలబడింది ఒక్క అట్టల దండ మీద. అదేమో, మగ్గం నుంచి దించినప్పుడల్లా, దూలానికి కొట్టిన మేకుకు వేలాడుతూ ఉండేది, కింద పొయ్యి పొగ, పైన ఎలుకలు.

నా భయం ఊరికే పుట్టింది కాదు. మా పుట్టింట్లోనూ పెట్టె మగ్గం ఉండేది. మా బాపు అట్టలకు ఒక వానాకాలంలో చెదలు పట్టింది. చూసుకునేసరికి చేతికి మట్టి వచ్చింది. కొత్తవి కొట్టించే దారి దొరకలేదు. బాపు సోలాపూర్ మిల్లుకు పోయాడు. మొదట్లో పండుగ పండుగకూ వచ్చేవాడు. తర్వాత దసరాకు మాత్రమే వచ్చేవాడు. ఆ తర్వాత దసరాకు కూడా రాలేదు. చివరికి దగ్గుతో వచ్చాడు, ఎక్కువ కాలం మిగల్లేదు. అమ్మ వేరేవాళ్ళ మగ్గానికి కండెలు చుట్టి మమ్మల్ని సాకింది. అందుకని నాకు పెళ్ళయి ఈ ఇంట్లో ఆ ఒక్క దండను చూసిన రోజునే ఆ మట్టి గుర్తొచ్చింది.

"దీనికి ఇంకో జత లేదా?" అని అడిగాను మా ఆయనను.

"ఉన్నయి బాగనే ఉన్నయి గద. ఇంకో జత ఎందుకు?"

"చెదలు పడితే?"

పక్కనే బియ్యం ఏరుతున్న మా అత్త తలెత్తకుండానే జవాబిచ్చింది. "మా ఇంట్ల చెదలు లేవు పిల్లా."

చెదలు ఉన్న ఇంట్లో కూడా పడిన రోజు దాకా అదే మాట అంటారు. మా బాపూ అన్నాడు. ఆ సంగతి చెబితే, పుట్టింటి కష్టాలు మెట్టింటికి మోసుకురావద్దని అత్త బుద్ధి చెప్పింది. మామ మాత్రం కాస్త మెత్తటి మనిషి. అప్పటికే ఆయన చూపు మందగించింది, మగ్గం మా ఆయనకు అప్పజెప్పి అరుగు మీద కూర్చునేవాడు. "దాని తుర్తి అది తీర్చుకోనియ్యిండ్రి. కొత్త అట్టలు తెప్పిస్త" అన్నాడు. నాది తుర్తి అట. ఇల్లు మునగకుండా చూస్తానంటే ఆయనకది సరదాలాగా కనిపించిందన్నమాట. సరే, ఏ పేరు పెడితేనేం, అట్టలు వచ్చాయి.

పాత అట్ట కింద కొత్త అట్ట పెట్టడం, ప్రతి చిల్లులో ఇనుప ములికి నిలబెట్టి సుత్తితో కొట్టడం. ఇంటిపని అయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని కొట్టేదాన్ని. మగ్గం ఆగినప్పుడే పాత దండ నా చేతికి వచ్చేది, అందుకని పని సాగీ సాగక చలికాలం అంతా పట్టింది. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూసి, "మీ కోడలు కంసాలి పని నేర్చుకుంటాంది" అని నవ్వేవాళ్ళు. మా ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, "ఈ అట్టలకు నువ్వు జత చేస్తివి. ఆ జతకు జత ఎవరు చెయ్యాలె?" అనేవాడు. ఆయనకు నవ్వులాట. నాకు వేళ్ళు వాచేవి.

కొట్టడం అయ్యాక అసలు లొల్లి మొదలైంది. కొత్త దండను ఒకసారి మగ్గానికి ఎక్కించి, ఒక జానెడు నేసి చూడమన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు.

"నడుస్తున్న మగ్గాన్ని ఆపుకొని కూసుంటమా? అట్టకు అట్ట పెట్టి కొట్టినవు, ఎట్ల తప్పు పోతది?" అన్నాడు మా ఆయన.

"పోతదో పోదో ఎక్కిస్తేనే గద తెలిసేది."

"అవసరం పడ్డనాడు ఎక్కిద్దాం తియ్యి."

అవసరం పడ్డనాడు ఎక్కించి, అప్పుడు పనికిరాదని తెలిస్తే నెత్తిన చెయ్యి పెట్టుకోవడం తప్ప ఏం మిగులుతుంది? ఎంత చెప్పినా వినలేదు. చివరికి నేను కండెలు చుట్టడం మానేశాను. వండుతాను, ఊడుస్తాను, నీళ్ళు తెస్తాను, కండె మాత్రం ముట్టను అన్నాను. కండెలు లేకపోతే నాడెలో పెట్టడానికి ఏముంటుంది? ఒక పూట మా అత్త చుట్టింది, ఆమెకు మెడ పట్టేసింది. మూడు మగ్గాలూ ఆగాక, మూతి ముడుచుకుని మా ఆయన కొత్త దండ ఎక్కించాడు. నేశాడు. గోపురం బాగానే వచ్చింది. పిట్టకు మాత్రం మెడ లేదు, తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట. దండ కుట్టేటప్పుడు నేను కొన్ని అట్టలను తారుమారు చేశాను. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. నవ్వితే నవ్వారు, విప్పి సరిచేసి మళ్ళీ ఎక్కిస్తే పిట్ట మెడ తిప్పి చూసింది. ఆ రోజు నాకు కడుపు నిండా అన్నం తిన్నట్టయింది.

మరుసటి రోజు లేచి చూద్దును గదా, మా అత్త కొత్త దండను తీసుకుపోయి, పాత దండ వేలాడే మేకుకే వేలాడదీసింది.

"ఇక్కడెందుకు పెట్టినవు అత్తా?"

"మరి యాడ పెట్టాలె? జోడు జోడుగ ఉంటే మంచిగ కనిపిస్తది. ఎతుక్కునే బాధ ఉండది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే దండను చుట్టి చంకన పెట్టుకుని మా వదినె ఇంటికి పోయాను. వదినె అంటే మా ఆయన అక్క. అదే ఊళ్ళో, బజారు అవతలి కొసన కాపురం. ఇది నీ ఇంట్లో ఉండాలి, మా ఇంటికేమైనా అయితే ఇది మిగలాలి అని విడమరిచి చెప్పాను. "నా జీవం తీర్గ చూసుకుంట" అన్నది. పది రోజులకు పోయి చూస్తే దండను నాలుగు మడతలు పెట్టి మామిడికాయ తొక్కు జాడీ కింద వేసింది. జాడీ నేల మీద కుదురుగా నిలబడటం లేదట. అడుగు అట్టలకు నూనె కారింది. ఆ అట్టలు మళ్ళీ కొట్టుకున్నాను, వాళ్ళ మిద్దెలో గాలి ఆడేచోట మేకు నేనే కొట్టి, దండ నేనే వేలాడదీసి వచ్చాను. తర్వాత నెలనెలా పోయి చూసేదాన్ని. మా వదినెకు ఆ రాకపోకలు నచ్చేవి కావు. నాకు మాత్రం నచ్చాయా.

అంతా కుదిరిందనుకున్నాను. దసరా వచ్చింది.

మా ఇళ్ళల్లో దసరా నాడు పనిముట్లకు పూజ. నాడెలు, అచ్చులు, ఆసులు, అట్టలు, సుత్తి, కత్తెర, ఒక్కటి మిగలకుండా కడిగీ తుడిచీ మగ్గం గదిలో పీట మీద పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి, దీపం ముట్టిస్తారు. మగ్గం మీద సగం చీర ఉండకూడదు, ముందే కోసి దించేయాలి. అత్త రెండు రోజుల ముందే మొదలుపెట్టింది.

"మన అట్టలు మీ వదినె ఇంట్ల ఉన్నయి గద, తీస్కరా."

"ఆడనే బొట్టు పెట్టి వస్త అత్తా. ఈడికెందుకు?"

"ఇంటి పనిముట్టు ఇంకొకరింట్ల పడి ఉండంగ పూజ ఎట్లయితది? అలుగుతది."

"అట్టలు అలుగుతయా?"

"నవ్వులాట గాదు. నువ్వు ఇచ్చిన పూజ అందుకోవాలంటే అన్ని ఒక్క దిక్కు ఉండాలె. మా అత్త చెప్పింది, వాళ్ళ అత్త చెప్పింది."

వాళ్ళ అత్తల కాలంలో రెండో జతే లేదు గదా అన్నాను. ఎవరు వింటారు? మా ఆయన కూడా అమ్మ దిక్కే. ఏడాదంతా నీ మాట విన్నాం గద, పండుగ ఒక్కనాడు అమ్మ మాట విను అన్నాడు. ఆ ఒక్కనాడు అన్నది ప్రతి ఏడూ వచ్చింది. ప్రతి ఏడూ నేను తిట్టుకుంటూ పోయి దండ తెచ్చేదాన్ని. పూజయ్యాక అది కనీసం వారం మా ఇంట్లోనే పడి ఉండేది. గొణిగి గొణిగి నేనే మళ్ళీ తీసుకుపోయేదాన్ని. అన్నీ ఒక్కచోట ఉండే ఆ వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

నాలుగైదేళ్ళు ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టి నాది పిచ్చి అని తేలిపోయింది.

ఆ ఏడు దసరాకు ముందు కొత్తకోట సేటు పిట్ట అంచు చీరలన్నీ ఊడ్చుకుపోయాడు. మగ్గం ఖాళీ చేశాం. పూజ పెట్టుకున్నాం. పీట మీద రెండు దండలూ పక్కపక్కన, పసుపు బొట్లతో, కవల పిల్లల్లా ఉన్నాయి. సాయంత్రం జమ్మి చెట్టుకు పోవడానికి అందరూ కొత్త బట్టలు కట్టుకున్నారు. నేను రెండో దండను ఇప్పుడే వదినె ఇంట్లో పెట్టి, అటునుంచి అటే జమ్మికి వస్తానన్నాను.

అత్త అడ్డం నిలబడింది. "దీపం ఎలుగుతుండంగ దేవుని ముందటి వస్తువు కదిలియ్యొద్దు."

"మరి దీపం ఆర్పి పోదాం."

"పండుగనాడు దీపం ఆర్పుతరా? నోట్లె మాట మంచిగ రానియ్యి."

"అట్లయితే నేను ఇంట్ల ఉంట, మీరు పోయి రాండ్రి."

"కోడలు ఇంట్ల కూసుంటే ఇంట్ల ఏం లొల్లయిందో అని ఊరంత అడుగుతది. నడువు."

నడిచాను. జమ్మి దగ్గర అందరూ ఒకరికొకరు ఆకు పెట్టుకుంటూ, పెద్దవాళ్ళ కాళ్ళు మొక్కుతూ ఉండగా మా గల్లీ పిల్లలు పరుగున వచ్చారు, మీ ఇంట్లోంచి పొగ వస్తుందని. మేం చేరేసరికి పొరుగువాళ్ళు తలుపు పగలగొట్టి నీళ్ళు కొట్టారు. నూనెలో నానిన వత్తిని ఎలుక లాక్కుపోయి ఉంటుందని అందరూ అన్నారు. ఇల్లు మిగిలింది. మగ్గాలకు తాళ్ళు మాడాయి, చెక్కలు మిగిలాయి. పీట మాత్రం బొగ్గు. నాడెల ఇనుప ముక్కులు, కత్తెర, సుత్తి తల, నా ములికి, ఇనుమే మిగిలింది. రెండు దండలూ ఎక్కడుండాలో అక్కడ నల్లటి పొరలు పొరలుగా ఒక కుప్ప ఉంది. చెయ్యి పెడితే పొడి అయింది.

అందరూ నావైపు చూశారు. నేను ఏదో అంటానని చూశారు. నేను ఆ పొడిని వేళ్ళతో కెలుకుతున్నాను. మా అత్త మొదట నోరు తెరిచింది. "ఆయన సొమ్ము ఆయనే కాలబెట్టుకున్నడు" అన్నది దేవుడిని చూపించి. ఆ మాట వినగానే నాకు నోరు వచ్చింది. ఏమేమి అన్నానో ఇప్పుడు రాయను. పండుగ పూట అనే మాటలు కావు.

మర్నాడు గుర్తుతో గీద్దామని కూర్చున్నారు. మా ఆయన నేల మీద బొగ్గుతో పిట్టను గీశాడు. ముక్కు కిందికి ఉంది. మామ వంగి దగ్గరగా చూసి, ముక్కు పైకి గద ఉండేది అన్నాడు. అత్త వంటింట్లోంచి వచ్చి, అది పిట్టే కాదు, పక్కకు వంగిన మామిడిపిందె అన్నది. ఏళ్ళ తరబడి నేసినవాడు ఒకటి, అట్టలు కొట్టించినవాడు ఒకటి, రోజూ మడత పెట్టిన మనిషి ఇంకొకటి. నన్నడిగితే మెడ తిప్పుతుందని తప్ప ఎన్ని పోగుల మీద తిప్పుతుందో నాకూ తెలియదు. నేను చిల్లు చూసి చిల్లు కొట్టానే గాని పిట్టను చూడలేదు.

"ఒక్క చీర చూస్తే అయిపోయె. మనింట్ల పిట్ట అంచు చీర లేదా?" అన్నాను.

లేదు. ఇన్నేళ్ళుగా ఇల్లంతా దాని మీద బతుకుతూ, ఇంట్లో ఒక్క ఆడదాని ఒంటి మీద కూడా ఆ చీర లేదు. మేం కట్టేవి గళ్ళవి, అవి కూడా రంగు తప్పినవి, సేటు వద్దన్నవి. నాకు నా తల ఎక్కడైనా కొట్టుకోవాలనిపించింది. ఆ మాట వింటూనే అత్త తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది.

మా ఆయన కొత్తకోటకు పోయి సేటును అడిగాడు. అక్కడా ఒక్కటి మిగల్లేదు. సేటు సంగతి తేల్చి చెప్పాడట. "మాఘమాసం పెళ్ళిళ్ళకు గా అంచు రావాలె. నా గిరాకీ అంచు చూసి కొంటది, నిన్ను చూసి కొనది. రాకుంటె నేను ఇంకోల్లను చూసుకుంట." కొన్నవాళ్ళలో తనకు ఇల్లు తెలిసింది ఒక్కరిదేనని, కొల్లాపూర్‌లో ఒక ఇల్లు చెప్పాడు.

నేనూ మా ఆయనా కొల్లాపూర్ పోయాం. బస్సులు మారి, దుమ్ము కొట్టుకుని, ఇల్లు వెతుక్కుని పోతే, ఆ ఇంటి ఇల్లాలు మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. చీర సంగతి అడిగితే సంతోషంగా లోపలికి పిలిచింది. చీర ఎప్పుడో చినిగి బొంతలోకి పోయింది. అంచు గట్టిది గదా, పారేయబుద్ధి కాలేదట, పేలికలుగా చీల్చి, జడలాగా అల్లి మనవడి ఉయ్యాలకు తాళ్ళు కట్టింది. "ఎంత గట్టిగున్నదంటే పిలగాడు ఎంత ఊగినా తెగుతలేదు" అని మెచ్చుకుంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిల్లవాడిని దించి, ఒక తాడు విప్పి చూశాం. గోపురం దొరికింది. పిట్ట నిలువునా రెండుగా చీలి, నలిగి, సగం పోగులు రాలిపోయి ఉంది. తాడును మళ్ళీ అల్లి, ముడివేసి ఇచ్చి వచ్చాం.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "సోలాపూర్ల మా దోస్తు ఉన్నడు. మిల్లుల పెట్టిస్తనంటున్నడు."

నేను చెంగుతో మొఖం మీది దుమ్ము తుడుచుకున్నాను.

"రెండేండ్లు. గంతే. మళ్ళ వచ్చి అట్టలు కొట్టించుకుంట."

"మా బాపు గిట్లనే చెప్పిండు" అన్నాను.

నాకు కోపం ఎవరి మీదో కూడా తెలియడం లేదు. సేటు మీద, ఎలుక మీద, ఉయ్యాల ఊగే ఆ పసివాడి మీద కూడా వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ మా అత్త మీద వచ్చింది. ఇంటికి వచ్చాక ఆమెతో మాట మానేశాను. అన్నం పెట్టేదాన్ని, నీళ్ళు పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. ఆమె కూడా ఏం పలకలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, నోటికి తాళం వేసుకున్నట్టు తిరిగింది. తప్పు చేసిన మనిషి సిగ్గుపడుతుందిలే అనుకున్నాను.

మా ఆయన బజారు నుంచి రేకుపెట్టె తెచ్చాడు. రెండు ధోవతులు, రెండు అంగీలు, ఒక దుప్పటి, సత్తు చెంబు. నేనే సర్దాను. సజ్జ రొట్టెలు చేసి, ఆరబెట్టి, తెల్లబట్టలో మూటకట్టాను. మా అమ్మ కూడా బాపుకు ఇట్లాగే కట్టింది. మర్నాడు పొద్దున స్టేషనుకు బండి మాట్లాడుకున్నారు. మామ అరుగు మీద నుంచి లోపలికి వచ్చి, కొడుకు పక్కన కూర్చుని, అతని చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు మా అత్త లోపలి గదిలోంచి వచ్చింది. చేతిలో ఒక పాత ధోవతి మూట. మా మధ్య నేల మీద పెట్టి విప్పింది. లోపల వేపాకు ఎండి పొడిపొడిగా ఉంది. దాని కింద ముదురు ఎరుపు చీర. మడత విప్పకముందే అంచు కనిపించింది. గోపురం, పిట్ట, గోపురం, పిట్ట. ఒక్కసారి కూడా కట్టని చీర. పిట్ట ముక్కు పైకీ లేదు, కిందికీ లేదు, వెనక్కి ఉంది.

మామ వంగి, వేళ్ళతో అంచు తడిమాడు. తడిమి తడిమి ఆగాడు. "ఇది నేను నేసిన మొదటి చీర గద. సేటుకు పోయిందన్నవు."

"పోలేదు" అన్నది అత్త.

ఇది పెట్టెలో పెట్టుకుని, మేం నేల మీద బొగ్గు గీతలు గీస్తుంటే మామిడిపిందె అన్నది. మేం కొల్లాపూర్ పోయి ఉయ్యాల తాళ్ళు విప్పి వస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నది. ఇన్నాళ్ళ మౌనం ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ఇది పెట్టుకొని గిన్ని దినాలు ఎట్ల కూసున్నవు అత్తా? కొడుకు పెట్టె సర్దుతుంటే చూసుకుంట ఎట్ల ఉన్నవు? నీకు మనసున్నదా? దాసుకొని ఏం చేద్దామనుకున్నవు?"

ఆమె నా వైపు చూడలేదు. చీర మీద వేపాకు దులుపుతూ, "కట్టుకొని పోదామనుకున్న" అన్నది.

ఎక్కడికి అని అడగబోయి ఆగిపోయాను. ముత్తైదువగా పోతే కట్టి సాగనంపే చీర. మామ నేసిన మొదటి చీర. అందుకే ఎవరికీ చూపలేదు, కట్టలేదు, కనీసం మొగుడికి కూడా చెప్పలేదు.

మా ఆయన అంచును వెలుతురుకు పట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. వెనక అంతా దారాల తీగలు ఒకదాని మీద ఒకటి. చూసి లెక్కపెట్టేది కాదు. అడ్డంగా కోసి, పేక దారం ఒక్కొక్కటే లాగితేనే ఏ పోగు లేచిందో, ఏ పోగు పడుకుందో తెలుస్తుంది. ఆ మాట ఆయన చెప్పలేక చెప్పాడు. "అమ్మా, కొయ్యాలె."

అది ఆమెకు తెలియనిది కాదు. మగ్గం ఇంట్లో పుట్టి మగ్గం ఇంట్లోకే వచ్చిన మనిషి. అందుకే గదా ఇన్నాళ్ళు పెట్టె తెరవలేదు. ముక్క కోసిన చీర కట్టి ఎవరినీ పంపరు మా దాంట్లో.

"మాఘమాసం దాకా దినాలు ఉన్నయా పిల్లా?" అని నన్నడిగింది. ఇన్నాళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట.

"ఉన్నయి. కూసుంటె అయితది" అన్నాను. నా గొంతు ఇంకా మెత్తబడలేదు.

"అట్లయితే కొయ్యి."

"మరి నీకు?"

"నాకేంది. చీర ఏదైతేంది. నన్ను ఎత్తుకపోయెటోడు ఊర్ల ఉండాలె గద."

మా ఆయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మామ ఇంకా పిట్టల మీది నుంచి వేళ్ళు తీయలేదు. నాకు కోపం పోలేదు. ఏడుపు వచ్చింది, కోపమూ అట్లాగే ఉంది. ఆమె కత్తెర నా ముందుకు జరిపి, చీర చెంగును రెండు చేతుల్లో బిగించింది. చెంగు బిగువుగా ఉంటేనే అంచు వంకర పోకుండా తెగుతుంది. ఆమె పట్టుకుంది, నేను కోశాను.